పింఛను – పన్ను – తాఖీదు

ఉద్యోగమున నున్నంతకాలము ఆదాయపు పన్నును గూర్చి మనము అంతగా ఆలోచింపము. జీతపు బిల్లు వ్రాయు గుమాస్తా లెక్క కట్టును. ఫిబ్రవరి నెల జీతములో కొంత తగ్గును. ఆ నెల ఇంటి ఖర్చు కొంచెము బిగించుకొని, ఉగాది నాటికి ఆ సంగతి మరచిపోవుదుము. పదవీ విరమణ చేసిననాటి నుండి ఆ గుమాస్తా మనకు లేడు. లేడన్న సంగతి మాత్రము చాలమందికి వెంటనే తెలియదు. రెండు మూడేండ్లు గడచిన తరువాత ఒకనాడు సెల్‌ఫోనులో ఒక తాఖీదు కనబడును: మీరు ఇంత పన్ను బాకీ యున్నారు, 30 దినములలో చెల్లింపవలెను అని. ఇక ఇంటిల్లిపాదికి కలవరము. జీవితమంతయు ఒక్క కాసు ఎగవేయనివారము, ఈ వయసున మాకు నోటీసేమి యని పెద్దలు కుమిలిపోవుదురు. కొందరు పరువు పోవునను భయముతో ఆ సాయంకాలమే అప్పుచేసి కట్టివేయుదురు. కొందరు ఎవ్వరికిని చెప్పక ఊరకుందురు. మొదటివారు కట్టనక్కరలేని సొమ్ము కట్టవచ్చును. రెండవవారిపై నెలనెలకు వడ్డీ పెరుగుచుండును.

ఈ తాఖీదు ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొన్నచో భయము సగము తీరును. పింఛనుదారునకు డబ్బు ఇచ్చు చేతులు అనేకము. ట్రెజరీ ఒక చేయి. డిపాజిట్లు ఉంచుకొన్న బ్యాంకు ఒక చేయి. తపాలా కార్యాలయము మరియొకటి. భర్త మరణించిన స్త్రీకి కుటుంబ పింఛను ఇచ్చు కార్యాలయము ఇంకొకటి. ఒక్కొక్క చేయి తానిచ్చిన మొత్తమును మాత్రమే చూచి, దానికి తగినంత పన్ను కోయును, లేదా అసలే కోయదు. పాన్ సంఖ్య ఆధారముగా అన్నిటిని కలిపి చూచునది పన్ను శాఖ యొక్కటే. ఇచ్చు చేతులు విడివిడిగా చూచిన లెక్కకును, శాఖ కలిపి చూచిన లెక్కకును గల తేడాయే చాలవరకు ఈ తాఖీదు. ఎవరును దోషము చేయకయే అది పుట్టవచ్చును. ఎట్లో ముందు ముందు అంకెలతో చూతము. ఇచ్చట చెప్పబోవు అంకెలన్నియు 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయమునకు సంబంధించినవని శ్రోతలు గమనింపవలెను.

మొదట, పింఛనుపై పన్ను ఏల యను ప్రశ్న. పని చేయుట మానినవారికి వచ్చు సొమ్మును జీతమనుట అన్యాయమని కొందరి వాదము. కాని పింఛను ఎవరో దయతలచి ఇచ్చు దానము కాదనియు, గతమున చేసిన సేవకు ప్రతిఫలముగా వచ్చు హక్కు అనియు సర్వోన్నత న్యాయస్థానము నకారా కేసులో 1982 డిసెంబరు 17వ తేదీన తీర్పు చెప్పినది. ఆ దినమునే పింఛనుదారులు నేటికిని తమ పండుగగా జరుపుకొనుచున్నారు. దానమైనచో పన్ను మాట వేరుగా నుండెడిదేమో! సేవా ప్రతిఫలము గనుక పన్ను చట్టము దానిని జీతముల పద్దులోనే చేర్చినది. దీని వలన ఒక లాభమును కలదు. జీతగాండ్రకు ఇచ్చు ప్రామాణిక తగ్గింపు పింఛనుదారునకు కూడ లభించును. ఈ తగ్గింపును 2005లో ఎత్తివేసి, 2018 బడ్జెట్టులో 40,000 రూపాయలుగా తిరిగి ప్రవేశపెట్టిరి. అది 2019లో 50,000 అయినది. క్రొత్త పన్ను పద్ధతిలో 2024-25 నుండి 75,000 రూపాయలు. పాత పద్ధతిని ఎన్నుకొన్నవారికి నేటికిని 50,000 మాత్రమే.

పదవీ విరమణ సమయమున ఏకమొత్తముగా వచ్చు సొమ్ము విషయమున చట్టము ఉదారముగానే యున్నది. ప్రభుత్వోద్యోగికి గ్రాట్యుటీపైనను, కమ్యుటేషను క్రింద ముందుగా తీసికొన్న మొత్తముపైనను పన్ను లేదు. ప్రభుత్వేతర ఉద్యోగికి గ్రాట్యుటీ కూడ వచ్చినచో పింఛను పూర్తి విలువలో మూడవ వంతు వరకు, గ్రాట్యుటీ రానిచో సగము వరకు కమ్యుటేషను మొత్తమునకు మినహాయింపు కలదు. కమ్యుటేషను చేసినవారికి నెలసరి పింఛను తగ్గును గదా. తగ్గిన పింఛనుకే పన్ను. అయితే 15 సంవత్సరములు గడచిన తరువాత ఆ భాగము తిరిగి కలియును. ఆ నెల నుండి ఆదాయము పెరిగినదని సంతోషింతుము గాని, పన్ను లెక్కయు పెరిగినదని తలపునకు రాదు. 80 ఏండ్లు నిండిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారునకు మూల పింఛనులో 20 శాతము అదనముగా వచ్చుటయు ఇట్టిదే. వయసుతోపాటు పింఛను పెరుగునని గుర్తుంచుకొనుట మంచిది. పది సంవత్సరముల క్రిందట పన్ను లేదని తేల్చుకొన్న లెక్క నేడు పనికిరాకపోవచ్చును.

కుటుంబ పింఛను సంగతి వేరు. భర్త లేదా భార్య మరణించిన తరువాత బ్రతికియున్నవారికి వచ్చు ఈ సొమ్మును చట్టము జీతముగా చూడదు. ఇతర ఆదాయముల పద్దులో వేయును. అందుచే దీనికి ప్రామాణిక తగ్గింపు వర్తింపదు. దానికి బదులుగా కుటుంబ పింఛనులో మూడవ వంతు గాని, ఒక నిర్ణీత మొత్తము గాని, రెంటిలో ఏది తక్కువయో అది తగ్గింతురు. ఆ నిర్ణీత మొత్తము పాత పద్ధతిలో 15,000 రూపాయలు, క్రొత్త పద్ధతిలో 25,000 రూపాయలు. జీతము కాదు గనుక, జీతములపై చేయవలసిన మూలమందలి కోత, అనగా అందరు టీడీఎస్ అని వ్యవహరించు కోత, కుటుంబ పింఛనుపై జరుగదు. కోత లేదు గనుక పన్ను లేదని ఎందరో వితంతువులు నమ్మియుందురు. మా దృష్టిలో ఈ విషయమంతటిలోను ఎక్కువ బాధ కలిగించు అపోహ ఇదియే.

పన్ను పద్ధతులు రెండున్నవి. 2023-24 నుండి క్రొత్త పద్ధతియే సహజముగా వర్తించును. పాతది కావలెనన్నచో ప్రత్యేకముగా కోరవలెను, అదియు గడువులోపల రిటర్ను దాఖలు చేసినప్పుడే. క్రొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. తరువాతి 4 లక్షలకు 5 శాతము, ఆపై 4 లక్షలకు 10 శాతము, 12 లక్షలు దాటిన పిమ్మట 16 లక్షల వరకు 15 శాతము, ఇట్లు పోయి 24 లక్షల పైన 30 శాతము. దేశమున నివసించువారికి మొత్తము పన్ను విధింపదగు ఆదాయము 12 లక్షలు దాటనిచో లెక్కకు వచ్చిన పన్నంతయు రిబేటుగా పోవును. పింఛను తప్ప వేరే రాబడి లేనివారు 12,75,000 రూపాయల వరకు ఒక్క రూపాయి కట్టనక్కరలేదన్నమాట. పాత పద్ధతిలో 60 ఏండ్లు నిండినవారికి 3 లక్షలు, 80 నిండినవారికి 5 లక్షలు వరకు పన్ను లేదు. డిపాజిట్ల వడ్డీలో 50,000 వరకు వృద్ధులకు తగ్గింపు, ఆరోగ్య బీమాకు, పొదుపునకు తగ్గింపులు కలవు. కాని 5 లక్షలు దాటగానే 20 శాతము, 10 లక్షలు దాటగానే 30 శాతము పడును. పెద్ద ఇంటి అద్దె గాని, పెద్ద అప్పు గాని లేని సామాన్య పింఛనుదారునకు క్రొత్త పద్ధతియే చాలవరకు లాభకరము. అలవాటు కొలది పాతదానినే పట్టుకొని యున్నవారు ఒకసారి రెండు విధములను లెక్క వేసికొని చూచుట మేలు.

ఉదాహరణకు 68 ఏండ్ల విశ్రాంత ఉపాధ్యాయుని తీసికొందము. నెలకు 55,000 చొప్పున సంవత్సరమునకు 6,60,000 పింఛను. డిపాజిట్లపై 2,40,000 వడ్డీ. పాత పద్ధతిలో ప్రామాణిక తగ్గింపును, వడ్డీ తగ్గింపును పోగా 8 లక్షలు మిగులును. సెస్సుతో కలిపి 72,800 పన్ను. క్రొత్త పద్ధతిలో మిగులునది 8,25,000, పన్ను సున్న. అయినను బ్యాంకు వారు తమ వద్ద వడ్డీ సంవత్సరమునకు లక్ష దాటినది గనుక 10 శాతము, అనగా 24,000 కోసియే యుందురు. రిటర్ను దాఖలు చేయనిచో ఆ 24,000 తిరిగి రాదు. కట్టవలసినది లేదు గనుక రిటర్నుతో పని లేదని ఊరకుండు పెద్దలు ప్రతియేట ఇట్లు తమ సొమ్మును తామే వదలుకొనుచున్నారు.

ఇక తాఖీదు పుట్టుకను చూతము. ఒక విశ్రాంత ఉద్యోగిని. ఆమె సొంత పింఛను నెలకు 70,000, సంవత్సరమునకు 8,40,000. భర్త మరణానంతరము వచ్చు కుటుంబ పింఛను నెలకు 32,000, సంవత్సరమునకు 3,84,000. బ్యాంకు వడ్డీ 1,60,000. ఆమె సొంత పింఛను ఇచ్చు ట్రెజరీ 75,000 తగ్గించి 7,65,000 చూచినది. 12 లక్షల లోపు గనుక కోత లేదు. కుటుంబ పింఛను ఇచ్చువారు కోయరు. బ్యాంకు 10 శాతము చొప్పున 16,000 కోసినది. ముగ్గురును నియమము తప్పలేదు. ఇప్పుడు మూడింటిని కలుపుదము. సొంత పింఛను 7,65,000, కుటుంబ పింఛనులో 25,000 పోగా 3,59,000, వడ్డీ 1,60,000, వెరసి 12,84,000. 12 లక్షలు దాటినది గనుక రిబేటు లేదు. పన్ను 72,600, దానిపై 4 శాతము సెస్సు 2,904, మొత్తము 75,504. బ్యాంకు కోసిన 16,000 పోగా సుమారు 59,500 రూపాయలు ఆమె కట్టవలెను. ఆమె నెలసరి కుటుంబ పింఛనుకు ఇది దాదాపు రెండింతలు!

ఈ 12 లక్షల గట్టు దగ్గర పెద్ద అఖాతమే యున్నట్లు కనబడును. నిజమునకు గట్టును కొంచెము దాటినవారిని చట్టము పూర్తిగా త్రోసివేయదు. మొత్తము 12,10,000 అయినచో లెక్క ప్రకారము పన్ను 61,500. కాని గట్టు దాటిన మొత్తము 10,000 మాత్రమే గనుక పన్నును 10,000కే పరిమితము చేయుదురు, సెస్సు వేరు. పైన చెప్పిన స్త్రీ విషయమున దాటినది 84,000, పన్ను 72,600 గనుక ఈ ఉపశమనము ఆమెకు దక్కదు.

దీనికి మార్గము లేకపోలేదు. తనకు గల ఇతర ఆదాయములను సొంత పింఛను ఇచ్చు ట్రెజరీకి గాని బ్యాంకుకు గాని వ్రాతపూర్వకముగా తెలిపి, వానినికూడ కలిపి నెలనెల కోయుడని కోరవచ్చును. చట్టము దీనికి అవకాశమిచ్చినది. నెలకు 5,000 చొప్పున పోవుట ఒక్కమారు 59,500 పోవుటకంటె సులభము గదా. లేదా తానే ఆ సొమ్మును ప్రక్కన పెట్టుకొని, జూలై 31 లోపల, రిటర్ను దాఖలు చేయుటకు ముందు కట్టవచ్చును. ఇతరులు సంవత్సరము మధ్యలో వాయిదాలుగా ముందస్తు పన్ను కట్టనిచో వడ్డీ పడును. కాని 60 నిండి, వ్యాపారము గాని వృత్తి ఆదాయము గాని లేని స్థానిక నివాసులకు ముందస్తు పన్ను బాధ్యతయే లేదు. ఈ సౌకర్యము తెలియక అనవసరముగా వడ్డీ కట్టినవారును కలరు. గడువు దాటిన తరువాత మాత్రము నెలకు 1 శాతము వడ్డీ ఎవరికైనను తప్పదు.

డిపాజిట్ల వడ్డీని గూర్చి రెండు మాటలు. లక్ష దాటనిచో బ్యాంకు కోయదు. రెండు బ్యాంకులలో చెరి 90,000 వడ్డీ వచ్చినచో ఇద్దరును కోయరు. శాఖ లెక్కలో మాత్రము 1,80,000 ఉండును. గడువు తీరినప్పుడే వడ్డీ ఇచ్చు డిపాజిట్టులో, సొమ్ము చేతికి రాకపోయినను ఆయా సంవత్సరపు వడ్డీపై బ్యాంకు ఏటేట కోయుచునే యుండును. ఐదేండ్ల తరువాత అంతయు ఒక్కసారిగా చూపుదమనుకొన్నచో లెక్కలు కలియవు. 15 హెచ్ అను పేర చిరకాలముగా ప్రసిద్ధమైన పత్రము సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిల్ రాగానే బ్యాంకు కౌంటరువద్ద వరుసలు కట్టి సంతకములు పెట్టుచుందురు. నా మొత్తము ఆదాయముపై పన్ను సున్న అని ఆ పత్రముపై మనము ప్రమాణము చేయుచున్నాము. పైన చెప్పిన ఉపాధ్యాయుడు నిర్భయముగా ఇవ్వవచ్చును. ఆ ఉద్యోగిని ఇవ్వరాదు. ఇచ్చినచో 16,000 కోత కూడ ఆగి, తాఖీదు మొత్తము ఆ మేరకు పెరుగును, అబద్ధపు ప్రమాణము నేరమును అగును. కౌంటరులోని కుర్రవాడు ఇక్కడ సంతకము పెట్టుడు మామ్మగారూ అన్నాడని పెట్టుట ప్రమాదము.

బకాయీలు మరియొక ఆకస్మిక కారణము. వేతన సవరణ వలనను, కరువు భృతి వాయిదాలు ఆలస్యముగా విడుదలగుట వలనను, ఎప్పటెప్పటివో బకాయీలు ఒకే సంవత్సరమున చేతికి వచ్చుట మన ఆంధ్ర, తెలంగాణ పింఛనుదారులకు క్రొత్తగాదు. ప్రభుత్వము ఆలస్యము చేసినందుకు పింఛనుదారుడు ఎక్కువ పన్ను కట్టవలెనా? అక్కరలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 89వ సెక్షనులోనే దీనికి ఉపశమనము కల్పించినది. లెక్క ఇట్లుండును. ఒకరి మామూలు పన్ను విధింపదగు ఆదాయము 2025-26లో 11,50,000, పన్ను లేదు. ఆ సంవత్సరమే 2024-25కు చెందిన బకాయీ 1,80,000 వచ్చుటచే మొత్తము 13,30,000 అయి, సెస్సుతో 82,680 పన్ను పడినది. ఆ బకాయీ సకాలమున వచ్చియున్నచో ఏమగును? 2024-25లో ఆయన ఆదాయము 10,80,000 అనుకొందము. నాటి రేట్ల ప్రకారము బకాయీ కలిసినందువలన పెరుగు పన్ను సెస్సుతో 31,200 మాత్రమే. తేడా 51,480 రూపాయలు ఉపశమనముగా లభించును. కాని ఈ ఉపశమనము తనంతట తాను రాదు. 10 ఇ అను ఫారమును శాఖవారి పోర్టలులో ముందుగా నింపి, ఆ తరువాతనే రిటర్ను దాఖలు చేయవలెను. రిటర్నులో ఉపశమనము చూపి ఫారము నింపుట మరచినచో, యంత్రము దానిని త్రోసివేసి అంత మొత్తమునకు తాఖీదు పంపును. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా గల 2025 నాటి క్రొత్త చట్టములో సెక్షనుల సంఖ్యలు, ఫారముల పేర్లు మారినవి గనుక, ఆ తేదీ తరువాతి ఆదాయమునకు ఫారము నింపునప్పుడు పేరు సరిచూచుకొనవలెను.

సరే, తాఖీదు వచ్చినదే యనుకొందము. మొదట చేయవలసినది అది నిజమైనదా యని చూచుట. పింఛనుదారుల భయమునే పెట్టుబడిగా పెట్టుకొన్న మోసగాండ్రు నేడు ఎందరో యున్నారు. సందేశములోని లంకెను నొక్కుడనియు, ఓటీపీ చెప్పుడనియు, లేనిచో ఈ రాత్రికే ఖాతా స్తంభింపజేయుదుమనియు బెదరింతురు. పన్ను శాఖ ఎన్నడును బ్యాంకు ఖాతా రహస్య సంఖ్యలను అడుగదు. 2019 అక్టోబరు 1 తరువాత శాఖ పంపు ఉత్తరముపై ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెను. దానిని శాఖవారి ఇ-ఫైలింగు పోర్టలులో వేసి చూచినచో ఉత్తరము నిజమైనదో కాదో తెలియును. సందేశములోని లంకె ద్వారా గాక, మనమే పోర్టలు తెరచి మన ఖాతాలో చూచుట అన్నిటికంటె క్షేమము. నిజమైన బాకీ అచ్చట తప్పక కనబడును. కనబడనిచో ఆ సందేశమును తుడిచివేసి నిశ్చింతగా భోజనము చేయవచ్చును.

నిజమైనదైనచో, అది ఏ జాతి ఉత్తరమో చూడవలెను. కొన్ని సంజాయిషీ కోరునవి: మీ వడ్డీ ఇంత యని మాకు తెలిసినది, రిటర్నులో ఇంతే చూపితిరి, చూచుకొనుడు అని. ఇవి బాకీ తాఖీదులు గావు. తప్పు మనదైనచో సవరించిన రిటర్ను వేయవచ్చును. ఆ గడువు దాటినచో అదనపు పన్నుతో నవీకరించిన రిటర్ను వేయుటకును అవకాశము కలదు. కొన్ని, మీకు రావలసిన వాపసును పాత బాకీకి జమ కట్టుదుమని చెప్పునవి; వానికి 21 దినములలో సమాధానమీయవలెను. పాత బాకీ అనగా జ్ఞాపకము వచ్చినది: 2009-10 వరకు గల సంవత్సరములకు 25,000 వరకును, 2010-11 నుండి 2014-15 వరకు 10,000 వరకును గల చిన్న బాకీలను ప్రభుత్వము 2024లో, ఒక్కొక్కరికి మొత్తము లక్షకు మించకుండ, రద్దు చేసినది. ఇక మూడవది రిటర్నును పరిశీలించి, మీ లెక్క ఇది, మా లెక్క ఇది అని రెండు వరుసలలో చూపి, తేడా కట్టుమనునది. బెంగుళూరులోని పరిశీలనా కేంద్రము నుండి ఇది వచ్చును. ఈ ఉత్తరములో కడపటి మొత్తమును మాత్రమే చూచి గుండె పట్టుకొనువారు అధికము. చూడవలసినది ఆ రెండు వరుసలను. ఏ పంక్తిలో రెండు అంకెలు వేరగుచున్నవో అచ్చటనే కారణమున్నది.

కోత పంక్తిలో తేడా యున్నచో, 26 ఏ.ఎస్. అను పన్ను జమల పట్టికను, వార్షిక సమాచార పట్టికను పోర్టలు నుండి తీసి, మన పింఛను చీటీతోను, ఫారము 16తోను పోల్చవలెను. పింఛను నుండి నెలనెల కోసియు, కోసినవారు తమ త్రైమాసిక లెక్కలో మన పాన్ సంఖ్యను తప్పుగా వ్రాయుటయో, లెక్క దాఖలు చేయకపోవుటయో జరిగినచో, ఆ సొమ్ము మన పేర జమ కనబడదు. శాఖ మరల మననే అడుగును. ఇట్టిచోట రెండవసారి కట్టనక్కరలేదు. మూలమందు కోసిన మేరకు పన్నును తిరిగి ఆదాయదారుని అడుగరాదని చట్టమే చెప్పుచున్నది. పోర్టలులో ఆ బాకీని అంగీకరింపనని కారణముతో తెలిపి, పింఛను చీటీలను జతపరచి, కోసిన కార్యాలయమును లెక్క సరిదిద్దుమని వ్రాతపూర్వకముగా కోరవలెను. నోటి మాటగా చెప్పి వచ్చుట చాలదు. ఉత్తరమిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొన్న ప్రతి ఇంటనుంచుకొనవలెను. లెక్క సరియైన పిమ్మట రిటర్నును మరల పరిశీలింపుడని సవరణ దరఖాస్తు పెట్టవచ్చును. ఆ ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరము ముగిసిననాటి నుండి నాలుగేండ్ల వరకు దీనికి వ్యవధి యున్నది. పై అధికారికి అప్పీలు చేయదలచినచో మాత్రము 30 దినములే గడువు.

బాకీ న్యాయమైనదే యని తేలినచో 30 దినములలో కట్టుట మంచిది. ఆ తరువాత నెలకు 1 శాతము వడ్డీ నడచును. ఒక్కసారిగా కట్టలేనివారు ఆ గడువు తీరకముందే పన్ను అధికారికి దరఖాస్తు పెట్టి వాయిదాలు కోరవచ్చును. ఈ మార్గము చట్టములో నున్నదని తెలియక నగలు కుదువబెట్టుట చూచినప్పుడు మాకు విచారము కలుగును. నిజమైన కష్టము వలన ఆలస్యమైనవారు వడ్డీని తగ్గింపుమని కమిషనరును కోరుటకును వీలున్నది.

75 ఏండ్లు నిండినవారికి ఒక ప్రత్యేక సౌకర్యము 2021-22 నుండి వచ్చినది. పింఛనును, వడ్డీని తప్ప వేరే ఆదాయము లేక, ఆ రెండును ఒకే బ్యాంకులో వచ్చుచున్నచో, ఆ బ్యాంకుకు ఒక ప్రకటన ఇచ్చినంత మాత్రముననే వారే లెక్కకట్టి పన్ను కోయుదురు. రిటర్నుతో పని లేదు. డిపాజిట్లను నాలుగు బ్యాంకులలో చల్లియుంచినవారికి ఇది వర్తింపదు. వయసు మీరిన కొలది డిపాజిట్లను ఒకచోటికి చేర్చుకొనుటకు ఇదియొక కారణము.

అమెరికాలోని పిల్లల వద్దకు పోవువారు కూడ ఒక విషయము గమనింపవలెను. ఆరు నెలలుండి తిరిగి వచ్చువారికి సాధారణముగా చిక్కు లేదు. కాని ఏప్రిల్ నుండి మార్చి వరకు గల సంవత్సరమున ఇచ్చట 60 దినములైనను ఉండనిచో సాధారణముగా వారు పన్ను దృష్టిలో స్థానిక నివాసులు కారు. అప్పుడు 12 లక్షల రిబేటు పోవును. పాత పద్ధతిలో వృద్ధులకు గల హెచ్చు పరిమితియు పోవును. ఇచ్చటనున్నప్పుడు సున్నగా నున్న పన్ను, మనుమల నాడించుచు అచ్చట గడిపిన సంవత్సరమునకు 60,000 దాక రావచ్చును. పోవుటకు ముందు బ్యాంకుకు 15 హెచ్ పత్రమిచ్చి పోయినవారికి ఇది మరింత చిక్కు, ఏలయన ఆ పత్రము స్థానిక నివాసులకే.

చివరగా, మరణించినవారి పేర వచ్చు తాఖీదు. ఇంటి పెద్ద సంవత్సరము మధ్యలో కాలము చేసినచో, ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి మరణించిన దినము వరకు వచ్చిన ఆదాయమునకు వారసులు పోర్టలులో చట్టబద్ధ వారసుడుగా నమోదు చేసికొని రిటర్ను వేయవలెను. కుటుంబ పింఛను భార్య ఆదాయము. దానిని భర్త రిటర్నులో కలుపరాదు. భర్త పేర పాత బాకీ యున్నదని తాఖీదు వచ్చినచో, ఆయన విడిచిపోయిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. ఆమె సొంత పింఛను నుండియో, సొంత డిపాజిట్టు నుండియో కట్టుమనుటకు వీలులేదు. అట్టి ఇంట మరణ ధ్రువపత్రము, వారసత్వ పత్రము, ఆయన పాన్ కార్డు, కడపటి మూడు నాలుగేండ్ల ఫారము 16లు, బ్యాంకు వడ్డీ ధ్రువపత్రములు ఒక సంచిలో కట్టి, ఆ సంచి ఎచ్చటనున్నదో ఇంటిలో మరియొకరికి తెలిపి యుంచవలెను.